పాల మేకల మందను మీ దొడ్లోనే తయారుచేసుకోవడం ఎలా

పాల మేకలు పెంచాలనుకునేవాళ్ళు నన్ను మొదట అడిగే మాట ఒకటే: "అన్నా, మంచి మేకలు ఎక్కడ దొరుకుతాయి?" నిజం చెప్పాలంటే ఎక్కడా దొరకవు. మూడు నాలుగు ఈతలు ఈని, పూటపూటా పొదుగు నిండా పాలిస్తూ, కవల పిల్లల్ని సాకే మేకను ఎవరూ అమ్ముకోరు. ఇంట్లో పెళ్ళో, ఆసుపత్రి ఖర్చో మీదపడి ఎవరైనా అమ్మినా అది పక్కింటివాళ్ళ దొడ్లోకే పోతుంది, సంత దాకా రాదు. సంతకు వచ్చేవాటిలో చాలామటుకు చూలు నిలవనివి, పొదుగు చెడినవి, పిల్లల్ని దగ్గరికి రానివ్వనివి.

కాబట్టి మంచి మందను మనమే తయారుచేసుకోవాలి. ఏడెనిమిదేళ్ళు పడుతుంది. పాలమూరు వైపు నేను పదకొండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. అందులో మొదటి రెండేళ్ళు వృథాగా పోయాయి. అప్పట్లో ఒక దళారి మాట నమ్మి, ఉత్తరాది నుంచి లారీలో 22 జమునాపారి మేకల్ని దింపుకున్నాను. మూడు రోజుల ప్రయాణంలో నీళ్ళు కూడా సరిగా పెట్టలేదు. దిగిన వారానికి ముక్కులు కారడం, నోట్లో పుండ్లు, పారుడు మొదలయ్యాయి. డాక్టరు వచ్చి చూసి పీపీఆర్ అనే అంటురోగం అన్నారు. పదిహేను రోజుల్లో తొమ్మిది పోయాయి. వాటి పక్కన కట్టేసిన మా సొంత నాటు మేకలు నాలుగు కూడా పోయాయి. మిగిలినవాటిలో అసలైన జమునాపారి లక్షణాలున్నవి రెండో మూడో. అలాంటి దెబ్బ మీకు తగలకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదటి అడుగు: ఎనిమిదో పదో నాటు మేకలు, అంతే

జాతీయ పశుధన మిషన్ సబ్సిడీ 100 ఆడమేకలు, 5 పోతుల యూనిట్ నుంచి మొదలవుతుంది. దాన్ని చూసి కొత్తవాళ్ళు ఒకేసారి వందతో దిగుతున్నారు. మేకల పనిలో అనుభవం లేకుండా అలా చేయకండి. సబ్సిడీ తర్వాతైనా తీసుకోవచ్చు. మొదట పది మేకలను పేరుపేరునా గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

ఆ పదింటినీ మీ జిల్లాలోనే, మీ ఎండకు, మీ మేతకు అలవాటుపడ్డవాటిలోనే ఏరుకోండి. సంతకు వెళ్ళొద్దని చెప్పను. పెబ్బేరు లాంటి పెద్ద సంతలో ఒక పూట తిరిగితే ధరలు తెలుస్తాయి, రకరకాల మేకల్ని చూసి కన్ను కుదురుతుంది. కొనడం మాత్రం ఊళ్ళలో కొనండి. సాయంత్రం మంద తిరిగొచ్చే వేళకు మేకలవాళ్ళ దొడ్డి దగ్గర ఉండండి. ఏ మేక పిల్ల కోసం అరుస్తూ ముందుగా పరిగెత్తుకొస్తుందో, దేని పిల్లలు నిగనిగలాడుతున్నాయో చూడండి. ఆ ఇంటి ఆడవాళ్ళను అడగండి. ఇంటికి పాలు పిండేది వాళ్ళే, ఏది ఎంతిస్తుందో వాళ్ళకే బాగా తెలుసు.

పొదుగును చూసే పద్ధతి చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది దాని సైజు చూసి మోసపోతారు. పాలు పిండకముందు వెనక నుంచి చూడండి: పొదుగు రెండు భాగాలూ సమానంగా, ఒంటికి వెడల్పుగా అతుక్కుని ఉండాలి. మోకాళ్ళ కిందికి సంచిలా వేలాడేదాన్ని వదిలేయండి, ముళ్ళ కంపల్లో గీరుకుపోతుంది. ఇప్పుడు పిండించి మళ్ళీ చూడండి. నిండుగా ఉన్న పొదుగు పిండాక ముడతలు పడి, మెత్తటి బట్టలా చేతిలోకి రావాలి. పిండాక కూడా అదే సైజులో గట్టిగా ఉంటే అది కండ, పాలు కాదు. అరచేత్తో మెల్లగా నొక్కుతూ లోపల గడ్డలేమైనా తగులుతాయేమో చూడండి. ఉంటే ఒకప్పుడు పొదుగువాపు వచ్చి మానిందని గుర్తు. చన్నులు రెండే ఉండాలి. పక్కన చిన్న చన్నులు అదనంగా ఉంటే తీసుకోకండి, ఆ గుణం పిల్లలకూ వస్తుంది. ఒక్కో చన్ను నుంచి మొదటి రెండు ధారలు నల్లటి పళ్ళెంలో పిండండి. తరకలు, నీళ్ళలాంటి పాలు కనిపిస్తే బేరం ఆపేయండి.

తర్వాత నోరు తెరిచి పళ్ళు చూడండి. ముందరి పాలపళ్ళు ఊడి రెండు పెద్ద పళ్ళు వస్తే ఏడాది దాటింది. నాలుగు పళ్ళంటే రెండేళ్ళ చిల్లర, ఆరు పళ్ళంటే మూడేళ్ళ దగ్గర, ఎనిమిదీ నిండితే నాలుగేళ్ళ పైమాట. నాలుగు పళ్ళవి, ఒకటి రెండు ఈతలు ఈనినవి, పిల్లలతో సహా కొనడం మంచిది. పిల్లల్ని చూస్తే తల్లి పాలు తెలుస్తాయి. నడుము నిటారుగా, పక్కటెముకలు వెడల్పుగా, పొట్ట లోతుగా ఉండాలి. నిండా కొవ్వు పట్టి మెరిసే మేక పాలమేక కాదు. మంచి పాలమేక ఈనిన తర్వాత కాస్త చిక్కినట్టే కనిపిస్తుంది, మేసిందంతా పొదుగులోకి పోతుంది కాబట్టి.

కొన్న మేకలు ఎంత దగ్గరి ఊరివైనా 30 రోజులు వేరే పాకలో ఉంచండి. వాటి దగ్గరికి వెళ్ళిన చెప్పులతో పాత మేకల దగ్గరికి వెళ్ళకండి. ఈ నెలలోనే పేడ పరీక్ష చేయించి నట్టల మందు వేయించండి, పీపీఆర్ టీకా వేయించండి, బ్రూసెల్లా పరీక్షకు రక్తం ఇప్పించండి. మీ పశువైద్యశాలలో అడిగితే నమూనాలను జిల్లా ల్యాబ్‌కు ఎలా పంపాలో చెప్తారు. బ్రూసెల్లా ఉన్న మేక ఈచుకుపోతుంది, అంటే నెలలు నిండకముందే పిల్లను పడేస్తుంది, దాని పచ్చిపాల నుంచి మనుషులకు కూడా వస్తుంది. పాల వ్యాపారంలోకి దిగేవాళ్ళు ఈ ఒక్క పరీక్షను ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకూడదు.

రెండో అడుగు: నోటుబుక్కు, కాటా

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. చదువుకున్నవాళ్ళు కూడా "అన్నీ గుర్తుంటాయిలే" అంటారు. గుర్తుండవు. ఎక్కువ పాలిచ్చిన రోజు గుర్తుంటుంది, త్వరగా వట్టిపోయిన నెల గుర్తుండదు.

ప్రతి మేకకూ చెవి ట్యాగు వేసి, నోటుబుక్కులో ఒక పేజీ ఇవ్వండి. తల్లి నంబరు, తండ్రి నంబరు, పుట్టిన తేదీ, పుట్టినప్పటి బరువు, మూడు నెలల బరువు, దాటించిన (పోతుతో జతకట్టించిన) తేదీ, ఏ పోతుతో, ఈనిన తేదీ, ఎన్ని పిల్లలు, ఎన్ని బతికాయి, వచ్చిన జబ్బులు. రోజుకు పది నిమిషాల పని.

పాలు కొలవడానికి రోజూ తూకం అక్కర్లేదు, 15 రోజులకు ఒకసారి చాలు. సాయంత్రం ఆరింటికి పొదుగు పూర్తిగా పిండేసి పిల్లల్ని వేరు చేయండి. పొద్దున ఆరింటికి పిండి తూయండి. పగలంతా పిల్లలకు మీరే సీసాతో పాలు పట్టి, మళ్ళీ సాయంత్రం ఆరింటికి పిండి తూయండి. రెండూ కలిపితే ఒక రోజు పాలు. దాన్ని 15తో హెచ్చవేయండి. ఈనిన దగ్గర్నుంచి వట్టిపోయేదాకా ఇలా వచ్చిన అంకెలన్నీ కూడితే ఆ ఈత మొత్తం పాలు తెలుస్తాయి. లీటరు కొలతల్లో నురగ మోసం చేస్తుంది, కాటా మీద గ్రాముల్లోనే రాయండి.

ఈ లెక్క నా కళ్ళు తెరిపించింది. మా దగ్గర 4వ నంబరు మేక ఈనిన నెలలో రోజుకు రెండు కిలోలిచ్చేది. ఇంటికొచ్చినవాళ్ళందరికీ దాన్నే చూపించేవాణ్ణి. మూలన కట్టేసిన 12వ నంబరు నల్ల మేక ఏనాడూ కిలోంబావు దాటలేదు. ఏడాది చివర్లో కూడి చూస్తే, 4వ నంబరు రెండు నెలలకే వట్టిపోయి మొత్తం 80 కిలోలు కూడా ఇవ్వలేదు. నల్ల మేక అయిదున్నర నెలలు నిలకడగా ఇచ్చి 170 దాటింది. ఇవాళ మా మందలో మంచివన్నీ ఆ నల్ల మేక కూతుళ్ళు, మనవరాళ్ళే. పుస్తకం లేకపోతే దాన్ని ఏ దసరాకో అమ్మేసేవాణ్ణి.

ఒక జాగ్రత్త. తొలిచూలు మేక పాలను నాలుగో ఈత మేక పాలతో పోల్చకూడదు. మూడు నాలుగు ఈతలకు గానీ మేక పూర్తి పాలకు రాదు. తొలిచూలును తొలిచూలుతోనే పోల్చండి. కవలల్ని ఈనినవి ఒంటిపిల్ల తల్లుల కంటే కొంత ఎక్కువే ఇస్తాయి, అది కూడా మనసులో పెట్టుకోండి.

మూడో అడుగు: పోతు

మీ దగ్గర ఉన్న డబ్బులో పెద్ద వాటా పోతు మీదే పెట్టండి. ఆడమేక ఏడాదికి ఒకరిద్దరు పిల్లల్నిస్తుంది. పోతు ఏడాదికి పాతిక ముప్ఫై మేకల్ని దాటుతుంది, పుట్టిన ప్రతి పిల్లలోనూ సగం దానిదే. పది మంచి మేకలు కొనలేనివాడు కూడా ఒక మంచి పోతును కొనగలడు.

మన ఊళ్ళలో ఈ విషయంలో జరిగేది చూస్తే బాధేస్తుంది. బోనాలకో, దసరాకో, బక్రీదుకో బేరగాడు వచ్చి, మందలో అందరికంటే ఏపుగా పెరిగిన పోతుపిల్లను ఎక్కువ రేటుకు తీసుకుపోతాడు. ఎవరికీ వద్దని మిగిలిపోయిన గిడస పోతు మందను దాటుతుంది. ఇంకొన్ని చోట్ల దేవుడికి వదిలిన పోతు ఊరంతా తిరుగుతూ కనబడ్డ మేకనల్లా దాటుతుంది. ఏళ్ళ తరబడి ఇలాగే జరిగితే మేకలు చిన్నబోక ఏమవుతాయి? నాటు మేక పనికిరాదని అంటారు గానీ దాన్ని అలా చేసింది మనమే.

ఏ జాతి పోతు తేవాలి? మనకు అందుబాటులో ఉన్నవి ప్రధానంగా మూడు. జమునాపారి ఉత్తరప్రదేశ్‌లోని ఇటావా జిల్లా చకర్‌నగర్ ప్రాంతానిది, యమునా చంబల్ నదుల మధ్య కంపల్లో తిరుగుతూ మేసే జాతి. చిలకముక్కులా వంగిన ముఖం, పొడవాటి వేలాడే చెవులు, వెనక తొడల మీద కుచ్చులా వెంట్రుకలు. మన దేశపు మేకల్లో పాలకు పేరున్నది, కానీ కట్టేసి మేపితే నీరసిస్తుంది, తేమ ఎక్కువైతే నిమ్ము చేస్తుంది. కోస్తావాళ్ళు దీని జోలికి వెళ్ళకపోవడమే మంచిది. బీటల్ పంజాబ్‌లోని గురుదాస్‌పూర్, అమృత్‌సర్ వైపుది. జమునాపారి కంటే కొంచెం చిన్నది, కట్టేసినా, తిప్పినా సర్దుకుపోతుంది. బర్బరీ ఆగ్రా, మథుర, ఏటా, అలీగఢ్ ప్రాంతాలది. పొట్టిగా, తెల్లటి ఒంటి మీద గోధుమరంగు మచ్చలతో, నిక్కిన చెవులతో ఉంటుంది. ఇంటి వెనక కొద్ది స్థలంలో రెండు మూడు పెంచుకునేవాళ్ళకు అంతకు మించింది లేదు.

మా మెట్ట ప్రాంతపు నాటు మేకల మీదికి నేను బీటల్‌నే ఎంచుకున్నాను, తొమ్మిదేళ్ళయినా ఆ నిర్ణయం మార్చుకోలేదు. నాటు తల్లికి బీటల్ పోతును దాటిస్తే పుట్టే పిల్లలో సగం బీటల్. ఆ కూతురికి మళ్ళీ వేరే బీటల్ పోతును దాటిస్తే ముప్పావు. ముప్పావు దగ్గర ఆగడం నాకు నచ్చింది. తల్లి వైపు నుంచి ఎండకు, రోగానికి తట్టుకునే గుణం కొంత మిగులుతుంది. సానెన్ లాంటి విదేశీ జాతులు రోజుకు మూడు నాలుగు లీటర్లిస్తాయన్నది నిజమే, కానీ అవి చల్లటి కొండ దేశాలవి. మన ఏప్రిల్ ఎండల్లో వాటిని ఉంచడం వాటికీ కష్టమే, మనకూ నష్టమే.

పోతును దాని అందం చూసి కొనకండి. దాని తల్లిని చూడండి. తల్లి పాల లెక్క రాసిపెట్టినవాళ్ళ దగ్గరే కొనండి. మథుర దగ్గర మఖ్‌దూమ్‌లో ఉన్న కేంద్రీయ మేకల పరిశోధన సంస్థ 1979 నుంచి పనిచేస్తోంది, అక్కడ జమునాపారి, బర్బరీ మందలకు వంశావళి లెక్కలు రాస్తారు. లెక్క లేని పక్షంలో కనీసం తల్లిని మీ కళ్ళముందు రెండు పూటలు పిండించండి. ఆ తర్వాతే పోతు: బీజాలు రెండూ ఒకే సైజులో, గట్టిగా ఉండాలి. ఒక్క బీజమే దిగినదాన్ని ముట్టుకోవద్దు. కాళ్ళు నిటారుగా, దవడలు పైదీ కిందదీ సరిగ్గా కలిసేలా ఉండాలి. కొమ్ముల్లేని పోతును కొమ్ముల్లేని మేకలకు దాటించకండి. సానెన్, ఆల్పైన్ లాంటి విదేశీ జాతుల్లో ఈ జతకు పుట్టే పిల్లల్లో కొన్ని ఆడా మగా కాకుండా గొడ్డుగా మిగులుతాయి. ఆ రక్తం కలిసిన సంకర మేకలు ఇప్పుడు మన దగ్గరికీ వస్తున్నాయి కాబట్టి చెప్తున్నాను.

పోతును పాలు పిండే చోటికి దూరంగా, విడిగా కట్టేయండి. ఎద కాలంలో దాని వాసన పాలకు పడుతుంది. "మేకపాలు వాసన" అనే మాట కొంతవరకు దానివల్ల వచ్చిందే.

నాలుగో అడుగు: ఎద, చూలు, ఈత

మా వైపు మేకలు తొలకరి పడ్డాక, జూన్ జూలైల్లో గుంపుగా ఎదకు వస్తాయి. తోక ఊపడం, ఊరికే అరవడం, మేత మానడం, మానం వాచి జిగురు కారడం గుర్తులు. ఎద ఒకటిన్నర రోజు దాకా ఉంటుంది. పొద్దున గుర్తిస్తే సాయంత్రం, సాయంత్రం గుర్తిస్తే మర్నాడు పొద్దున దాటించి, పన్నెండు గంటల తర్వాత మరోసారి దాటించండి. తేదీ రాయండి. 21 రోజులకు మళ్ళీ ఎదకు రాకపోతే చూలు నిలిచినట్టు లెక్క. అక్కడ్నుంచి మొత్తం 150 రోజులు, అయిదు రోజులు అటూ ఇటూ. జూలైలో దాటితే డిసెంబరులో ఈనుతుంది. ఎండలు ముదిరేలోపు పిల్లలు పాలు మరుస్తాయి, ఆ నెలల్లో మేతకూ కొరత ఉండదు.

దాటించడానికి మూడు వారాల ముందు నుంచి రోజుకు 200 గ్రాముల దాణా అదనంగా ఇవ్వండి, కవలలు పుట్టే అవకాశం పెరుగుతుంది. చూలు మొదటి నెలలో ఆల్బెండజోల్ నట్టల మందు వేయకండి, కడుపులో పిల్లకు ప్రమాదం. ఈనడానికి రెండు నెలల ముందు పాలు పిండడం పూర్తిగా ఆపండి. ఆ రెండు నెలల పాల మీద ఆశపడితే వచ్చే ఈత పాలు, పిల్ల బరువు రెండూ దెబ్బతింటాయి.

ఈనే రోజు తోక మొదట్లో రెండు పక్కలా కండరాలు వదులై గుంటలు పడతాయి. పొదుగు బిగుస్తుంది, మేక కాలితో నేలను గీరుతూ లేస్తూ పడుకుంటూ ఉంటుంది. నీటితిత్తి కనిపించాక అరగంట, ముప్పావుగంటలో ముందరి రెండు కాళ్ళ గిట్టలు, వాటి మీద ముక్కు కనిపించాలి. ఒక్క గిట్టే కనిపిస్తే, తోక ముందుగా వస్తే, లేదా గంటసేపు ముక్కినా ఏమీ రాకపోతే మీరు లాగకండి, డాక్టరును పిలవండి. పిల్ల పడగానే ముక్కు, నోటి జిగురు శుభ్రమైన గుడ్డతో తుడవండి, బొడ్డును రెండంగుళాలు వదిలి కోసి టింక్చర్ అయోడిన్‌లో ముంచండి. తల్లిని నాకనివ్వండి.

ఇక ముర్రుపాలు. గంటలోపు పిల్ల కడుపులో పడాలి. పిల్ల బరువులో పదో వంతు, అంటే రెండున్నర కిలోల పిల్లకు 250 మిల్లీలీటర్లు, మొదటి రోజులో మూడు నాలుగు సార్లుగా తాగాలి. పుట్టుకతో మేకపిల్లకు రోగనిరోధక శక్తి దాదాపు ఉండదు, అదంతా ముర్రుపాల నుంచే రావాలి. ఒక రోజు గడిచాక ఎంత తాగించినా పేగుల్లోంచి రక్తంలోకి ఎక్కదు. జున్ను కోసం పిల్ల తాగకముందే పాలు పిండేసే ఇళ్ళున్నాయి. దయచేసి పిల్ల కడుపు నిండాక మిగిలినవే పిండుకోండి. ఆ రాత్రి చలిగా ఉంటే గోనెసంచి కింద ఎండుగడ్డి పరిచి పిల్లల్ని పడుకోబెట్టండి. మూడు నెలల్లో చనిపోయే పిల్లల్లో ఎక్కువ మొదటి వారంలోనే, చలికో ముర్రుపాలు అందకో పోయేవే.

పదిహేను రోజుల నుంచి లేత ఆకు నోటికి అందేలా కట్టండి, మూడు నెలలకు పాలు మాన్పించండి. ఆ రోజే తూయండి. ఉంచుకోబోయే ఆడపిల్లలకు ఇక్కడ్నుంచి దాణా తగ్గించొద్దు, ఆరు నెలల్లోపు ఎదగనిది తర్వాత ఎంత మేపినా అందుకోదు. పెద్ద మేక బరువులో మూడింట రెండు వంతులు వచ్చాకే, అంటే 35 కిలోల మంద అయితే 22, 23 కిలోలకు, సుమారు 10 నుంచి 12 నెలలప్పుడు దాటించండి. మూడు నెలలు దాటిన పోతుపిల్లల్ని వేరే దొడ్డిలో వేయడం మర్చిపోవద్దు, నాలుగైదు నెలలకే అవి అక్కాచెల్లెళ్ళను దాటేస్తాయి.

మేత, రోగాల గురించి కొంచెం

మేక ఆకు మేసే జంతువు. పచ్చగడ్డి ఒక్కటే కోసి వేస్తే పాలు రావు. గట్ల మీద అవిశ, సుబాబుల్, మునగ, దశరథ గడ్డి వేసుకోండి. సుబాబుల్ మొత్తం మేతలో మూడో వంతు దాటకూడదు, అందులోని మైమోసిన్ వల్ల వెంట్రుకలు రాలి, చూలు దెబ్బతింటుంది. కందిపొట్టు, వేరుశనగ కట్టె, తుమ్మకాయలు మనకు ఊరికే దొరికే మంచి మేత. పాలిచ్చే మేకకు ఒంటి కోసం 200 గ్రాములు, పైన ప్రతి కిలో పాలకు 400 గ్రాముల చొప్పున దాణా లెక్క వేసుకోండి. మొక్కజొన్న నూక, వేరుశనగ చెక్క, తవుడు, నూటికి రెండు పాళ్ళు ఖనిజ లవణ మిశ్రమం, ఒక పాలు ఉప్పు. బూజు పట్టిన చెక్క ఎంత చవకగా వచ్చినా వద్దు.

రెండు ప్రమాదాలు ప్రతి ఊళ్ళోనూ జరుగుతాయి. పెళ్ళిలో మిగిలిన అన్నం గంపలకొద్దీ మేకల ముందు పోయడం ఒకటి. పొట్ట పులిసి, ఉబ్బి, ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతాయి. రెండోది, నీళ్ళెద్దడికి వాడిన లేత జొన్నలో మేకలు పడడం. నాము (వాడిన లేత జొన్నలో ఉండే విషం) పట్టిందంటే డాక్టరు వచ్చేలోపే ప్రాణం పోతుంది.

టీకాల్లో పీపీఆర్ మూడు నెలల వయసు దాటాక ఒకసారి, ఆ తర్వాత మూడేళ్ళకోసారి. చిటుక రోగానికి (పేగుల్లో విషం పుట్టి ఉన్నట్టుండి చంపే జబ్బు) ఏటా తొలకరికి ముందు, ఎందుకంటే కొత్త చిగురు మేసినప్పుడే అది విరుచుకుపడుతుంది. బొబ్బ రోగం, గాలికుంటు టీకాలకు మీ పశువైద్యశాల పెట్టే తేదీలు గోడమీద రాసుకోండి. నట్టల మందు క్యాలెండరు చూసి కాకుండా పేడ పరీక్ష చూసి వేస్తే మందు పదికాలాలు పనిచేస్తుంది. పొదుగువాపు రాకుండా పిండే ముందు పొదుగు కడిగి తుడవడం, బొటనవేలు మడిచి కాకుండా పిడికిలి నిండా పట్టి పిండడం, పిండాక చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచడం, అరగంట దాకా మేక పడుకోకుండా ముందర మేత వేయడం చాలు.

అయిదో అడుగు: ఏటా ఏరివేత

మంద బాగుపడేది ఇక్కడే, మనసు కష్టపడేదీ ఇక్కడే.

పది తల్లులకు ఏడాదికి పదిహేను పిల్లలు పుట్టాయనుకోండి. ఏడెనిమిది ఆడవి. ఒకటి రెండు పోయినా ఆరు మిగులుతాయి. ఆరింటినీ ఉంచుకోకండి. తల్లి పాల లెక్క చూసి పైనున్న మూడో నాలుగో ఉంచి, మిగతావి అమ్మేయండి. అంతే సంఖ్యలో పాత మేకల్లో అడుగునున్నవాటిని తీసేయండి. తీసేయాల్సినవి ఏవంటే: వరసగా రెండు ఈతల్లో మంద సగటు కంటే తక్కువ పాలిచ్చినది, రెండుసార్లు పొదుగువాపు వచ్చినది, రెండుసార్లు ఈచుకుపోయినది, పిల్లల్ని తన్నేది. ఒక్క చెడ్డ ఏడాది చూసి తీసేయకండి. ఆ ఏడు జబ్బు చేసిందేమో పుస్తకంలో చూడండి. ఏడేళ్ళు దాటిన మంచి మేక కూతుళ్ళు దొడ్లో ఉంటే దాన్ని పంపొచ్చు.

మంచి ఆడపిల్లను మాత్రం ఎంత రేటు పలికినా అమ్మకండి. ఈ పని మొదలుపెట్టిన అయిదో ఏట ఇంట్లో డబ్బు అవసరం పడి, నల్ల మేక కూతురు ఒకదాన్ని అమ్మాను. మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆమె కోపం సరైనదేనని పుస్తకం తర్వాత రెండేళ్ళపాటు చెప్తూనే ఉంది.

ఆరో అడుగు: రెండో పోతు, మూడో పోతు

తండ్రిని కూతుళ్ళకు దాటించకూడదు. పిల్లలు గిడసబారడం, ఎక్కువ చనిపోవడం, చూలు నిలవకపోవడం మొదలవుతాయి. అందుకే రెండు మూడేళ్ళకు పోతును మార్చమంటారు. అది సరే, కానీ అందులో ఒక చిక్కుంది. పోతు మంచిదో కాదో దాని కూతుళ్ళు ఈనితే గానీ తెలియదు. ఈ డిసెంబరులో పుట్టిన కూతురు మరుసటి ఏడు అక్టోబరు నవంబరుల్లో దాటి, ఆ పై మార్చి ఏప్రిల్‌లో ఈని, వేసవి దాటాక గానీ లెక్క చెప్పదు. పోతు వచ్చిన మూడో ఏడు నడుస్తుంటుంది అప్పటికి. సరిగ్గా ఆ సమయానికే మనం దాన్ని మాంసానికి అమ్మేసి ఉంటాం. ఆ తర్వాత కూతుళ్ళు అద్భుతంగా పాలిస్తే తండ్రి ఎక్కడుంది?

దీనికి మేం చేసుకున్న ఉపాయం చెప్తాను. పక్క మండలంలో ఇదే పని చేసే ఇద్దరు రైతులతో కలిసి ముగ్గురం మూడు వేర్వేరు వంశాల పోతుల్ని కొన్నాం. రెండేళ్ళకోసారి ఒకరి పోతు ఒకరికి మారుతుంది. పోతు ప్రాణంతో ఉంటుంది, కూతుళ్ళ లెక్క వస్తుంది. కూతుళ్ళు మంద సగటును మించితే ఆ పోతును మూడో మందకు పంపిస్తాం, మించకపోతే ముగ్గురం కలిసి అమ్మేస్తాం. మార్చే ముందు ప్రతిసారీ బ్రూసెల్లా పరీక్ష, నెల రోజులు విడిగా ఉంచడం తప్పనిసరి. స్నేహం ఎంత గట్టిదైనా ఈ నియమం సడలించుకోలేదు.

ఆరో ఏడు దాటాక, మీ మందలోనే పుట్టిన పోతుపిల్లను ఉంచుకునే రోజు వస్తుంది. తల్లి మీ పుస్తకంలో మొదటి మూడు స్థానాల్లో ఉండాలి, కనీసం మూడు ఈతల లెక్క ఉండాలి, అమ్మమ్మ కూడా సగటును మించి ఉండాలి. ఆ పిల్లను మీ మందకు వాడకండి, తోటి రైతు మందకు ఇవ్వండి, వాళ్ళ దాన్ని మీరు తెచ్చుకోండి.

పాలు అమ్మే విషయంలో ఒక్క మాట. డెంగీ కాలంలో మేకపాలకు ఎక్కడలేని గిరాకీ వస్తుంది. ప్లేట్‌లెట్లు పెరుగుతాయని చెప్పి అమ్మకండి, దానికి రుజువు లేదు. ఆ మాట నమ్మి ఆసుపత్రికి వెళ్ళడం ఆలస్యం చేసేవాళ్ళున్నారు. ఏడాదిలోపు పసిపిల్లలకు తల్లిపాలకు బదులుగా పట్టమనీ చెప్పకండి. కాచి తాగమని మాత్రం ప్రతి ఇంటికీ చెప్పండి.

ఎనిమిదో ఏడు వచ్చేసరికి పోతుపిల్లల కోసం మీ ఇంటికే మనుషులొస్తారు. అమ్మేటప్పుడు తల్లి, అమ్మమ్మల పేజీలు జిరాక్సు తీసి పిల్లతో పాటు చేతికివ్వండి. కొన్నవాళ్ళ ఫోన్ నంబరు మీ పుస్తకంలో రాసుకోండి. రెండేళ్ళ తర్వాత ఫోన్ చేసి కూతుళ్ళు ఎంతిస్తున్నాయో అడగండి, వాళ్ళు చెప్పిన అంకెను ఆ తల్లి పేజీ కింద ఎర్ర ఇంకుతో రాసుకోండి.